ఖాదర్ గారు విప్పని ఫోర్కు

ఆ కబురు వచ్చేసరికి నేను పకోడీలకి శనగపిండి కలుపుతున్నాను. మావారు హాల్లోంచి "రమ్యా!" అని పెట్టిన కేకకి తేలు కుట్టిందేమో అనుకుని పరిగెత్తాను. చూస్తే, ఫోను రెండు చేతులతో పట్టుకుని సోఫా చుట్టూ తిరుగుతున్నారు.

"పేరొచ్చింది! ఇరవై మందిలో నా పేరుంది!"

కొండవీడు కొండ మీద రెండు వారాల్లో మౌంటెన్ బైకుల పోటీ. నూట ఎనభై మంది దరఖాస్తు పెడితే ఇరవై మందిని తీసుకున్నారు. పిండి చేతులతోనే ఆయన మెడ పట్టుకుని నేనూ గంతులేశాను. ఆయన చెవికి శనగపిండి అంటుకుంది. మాకు పెళ్ళయి నాలుగు నెలలు. ఆయన చెవికి శనగపిండి అంటుకోవడం కూడా నాకు పండగే. తుడవకుండా చూస్తూ నిలబడ్డాను.

"అసలు ఇదంతా నీ వల్లే," అన్నారాయన. "నేను పంపిన వీడియో చూసి తీసుకున్నారట. పోయిన నెల నువ్వు ఫోర్కు సర్వీసు చేయించబట్టే కదా, ఆ రాళ్ళ దారిలో అంత ధైర్యంగా దిగాను!"

నేను ఫోర్కు సర్వీసు చేయించలేదు.

మేముండేది చిలకలూరిపేటలో. మావారు ప్రేమ్‌చంద్ ఇక్కడి స్పిన్నింగ్ మిల్లులో ఇంజనీరు. మిల్లు తర్వాత ఆయనకి ఆ సైకిలే లోకం, మధ్యలో ఎక్కడో నేను దూరాను. ఆ సైకిలుకి ముందు చక్రం దగ్గర ఫోర్కు, సీటు కింద షాక్ ఉంటాయి. రెండిటి లోపలా గాలి, నూనె ఉంటాయి. చక్రం గుంటలో పడితే ఆ దెబ్బ మన చేతులకీ నడుముకీ రాకుండా అవి మింగేస్తాయి. వాటిని విప్పి బాగుచేసే మనిషి గుంటూరు బ్రాడీపేటలో ఖాదర్ వలి గారు. చిన్న షాపు, ఆయనొక్కరే. ఆయన మాట ఎప్పుడూ ఒకటే. యాభై గంటలు తొక్కితే ఫోర్కు కింది భాగం ఊడదీసి, కడిగి, నూనె మార్చాలి. వెనక షాక్ గాలి డబ్బా కూడా అప్పుడే విప్పి తుడవాలి. ఏడాదికోసారి రెండూ పూర్తిగా విప్పాలి. మిరపకాయలు ఆరబోసే రోజుల్లో మాత్రం యాభై కాదు, ముప్ఫై గంటలకే. కల్లాల మీది మిరప దుమ్ము, చేలగట్ల నల్లరేగడి దుమ్ము రబ్బరు సీలు అంచున చేరి, నున్నటి గొట్టాన్ని గరుకు కాగితంలా గీకేస్తాయట.

పోయిన నెల మిల్లులో ఆడిట్ జరుగుతోంది, ఆయనకి తీరిక లేదు. "నేను తీసుకెళ్తానండీ," అని ఎగిరి ముందుకొచ్చాను. గుంటూరు యార్డుకి వెళ్తున్న ట్రాలీ ఆటోలో మిరపకాయల బస్తాల మీద సైకిలు కట్టించి, డ్రైవరు పక్కన కూర్చుని దారంతా తుమ్ముతూ నవ్వుతూ వెళ్ళాను. ఎంత సరదాగా ఉందో!

ఖాదర్ గారు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఫోర్కుని రెండుసార్లు నొక్కి చూశారు.

"ముప్ఫై ఎప్పుడో దాటిందమ్మా. వదిలేసి వెళ్ళండి. సీళ్ళు రేపొస్తయ్. సోమవారం ఇస్తా."

సోమవారం అంటే ఆదివారం సైకిలుండదు. ఆ ఆదివారమే మావారు నన్ను మొదటిసారి తనతోపాటు కాలవ కట్ట మీదికి తీసుకెళ్తానన్నారు. నా కోసం ఒక సైకిలు అడిగి తెచ్చారు. కట్ట మీద కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పుకుని తినాలని నేను వారం ముందునుంచే కలలు కంటున్నాను. "వచ్చే వారం తెస్తానండీ," అని చెప్పి, తెచ్చిన సైకిలుని తెచ్చినట్టే వెనక్కి తెచ్చేశాను.

అంతటితో ఆగినా బాగుండేది. మా ఇంటి ఓనరు చెంచురామయ్య గారి మిరప చేలో మందు కొట్టే స్ప్రేయర్ మెట్ల కింద ఉంది. దానితో ఫోర్కునీ షాక్‌నీ బురద వదిలేదాకా కడిగాను. పాత గుడ్డతో కాస్త కొబ్బరినూనె రాశాను. అద్దంలా మెరిసింది. సాయంత్రం ఆయన వచ్చి హ్యాండిల్ నొక్కి, కళ్ళు మూసుకున్నారు.

"అబ్బ! వెన్నలా ఉంది. ఖాదర్ గారి చేతిలో ఏదో ఉంది రమ్యా. సీళ్ళు కూడా మార్చారా?"

"ఆఁ, మార్చారు."

ఎంత చిన్న మాట. ఆయన మొహంలో ఆ సంతోషం చూశాక నోటికి వేరే మాట రాలేదు. సర్వీసుకని ఆయనిచ్చిన డబ్బు ఇంకా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఆ పై వారం మా చెల్లెలి నిశ్చితార్థం వచ్చింది, ఆ తర్వాతి వారానికి చెప్పే ధైర్యం పోయింది. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. ఊగే వస్తువుని ద్రవం ఎలా నెమ్మదింపజేస్తుందో మూడు పేజీలు రాసి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నదాన్ని.

ఇప్పుడు, శనగపిండి చేతులతో, నోరు విప్పుదామనుకుంటుండగానే యలమంద గారు వచ్చేశారు. ఆయన మావారి స్నేహితుడు, ఒంగోలు మనిషి, ఇక్కడ జిన్నింగ్ మిల్లులో పని. ఇద్దరూ ఒకే సైకిలు గ్రూపు.

"ఏరా, కొండ దిగే మొనగాడా! అమ్మాయ్, పకోడీలు ఎక్కువ వెయ్యి, నేను ఆకలి మీదున్నా."

వంటింట్లో మొదటి వాయి నూనెలో పడింది. వరండాలోంచి యలమంద గారు సైకిలు బ్రేకు పట్టి, హ్యాండిల్ని కిందికి నొక్కుతున్న చప్పుడు వినిపించింది. కీచుమని ఒక మూలుగు. మళ్ళీ నొక్కారు, మళ్ళీ మూలుగు.

"ఒరేయ్ ప్రేమూ, ఇట్లా రా. గొట్టం మీద ఈ జిడ్డు చూడు. నలుపూ ఎరుపూ కలిసిపోయింది. లోపలికి దిగింది పైకి రావడానికి కూడా ఏడుస్తుంది. ఇది నెల కిందట చేయించిందా?"

"నెల కూడా కాలేదు. ఖాదర్ గారే చేశారు."

"చేశాడు! పైపైన తుడిచి ఇచ్చాడు. ఆడమనిషి తెచ్చింది గదా, దీనికేం తెలుస్తదిలే అనుకున్నాడు. దీంతో కొండ దిగితే పళ్ళు రాలతయ్ నీకు. మన గ్రూపులో సర్వీసుకొచ్చిన పది బళ్ళూ ఆయనకే ఇద్దామనుకున్నాం గదా? వద్దు. ఒంగోలు తీసకపోదాం."

"ఆగరా, ముందు ఆయన్ని అడుగుదాం..."

"అడిగేదేముంది? గ్రూపులో పెట్టేశా."

నా ఫోను కూడా టింగుమంది. నేనూ ఆ గ్రూపులోనే ఉన్నాను. 'ఖాదర్ వలి సర్వీసు చెయ్యకుండానే చేశానని ఇస్తున్నాడు. ఎవరూ బళ్ళు ఇవ్వొద్దు.' అరవై మంది ఉన్న గ్రూపు. పకోడీలు నల్లబడుతున్నాయి, చిల్లుల గరిటె చేతిలోనే ఉంది, ముంచి తియ్యాలన్న ఆలోచన రాలేదు.

మావారు ఖాదర్ గారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. నేను వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాను.

"ఖాదర్ గారూ, పోయిన నెల మీరు చేసిన ఫోర్కు అప్పుడే నూనె కారుతోందండీ."

"నేను చేసిందా సార్? ఎవరు తెచ్చారు సార్ ఆ రోజు?"

"మా రమ్య."

"అట్లాగా. అయితే ఆ అమ్మాయినే ఒకసారి అడగండి సార్. నేనేమన్నా మర్చిపోయానేమో, ఆమెకి గుర్తుంటది."

ఆయనకి అంతా గుర్తుంది. అయినా మా ఇంట్లో నా పరువు తియ్యడం ఇష్టంలేక, ఆ మాట నా చేతికిచ్చి ఊరుకున్నారు. మావారు నా వైపు తిరిగారు. ఆయన కళ్ళలో అనుమానం లేదు. చెవికి పిండి ఇంకా ఉంది. 'పూర్తిగా చెయ్యలేదేమో' అని గొణిగితే చాలు, ఆ క్షణంలో ఆయన నన్నే నమ్మేవారు. అది నాకు తెలుసు కాబట్టే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

"ఆయన అసలు విప్పలేదండీ," అన్నాను. "సోమవారం దాకా వదిలి వెళ్ళమన్నారు. నేనే వెనక్కి తెచ్చేశా. ఓనరు గారి స్ప్రేయర్‌తో కడిగి కొబ్బరినూనె రాశా. సీళ్ళు మార్చారని అబద్ధం చెప్పా."

ముందు మాట్లాడింది ఫోనే. "స్ప్రేయరా? ఎంత జోరుగా కొట్టారమ్మా?"

"ఫుల్లుగా."

"యా అల్లా! నీళ్ళన్నీ లోపలికి పోయినయ్." తన పేరు గురించి కాదు, ఆ ఫోర్కు గురించి బాధపడ్డారు.

యలమంద గారు పగలబడి నవ్వారు. "నెల రోజులు వెన్నలా ఉంది, వెన్నలా ఉంది అని మా చెవులు తినేశావు గదరా! కొబ్బరినూనెకే వెన్నయితే, నెయ్యి రాస్తే ఏమయ్యేదో!"

మావారు నవ్వలేదు. ఆయన చెవులు ఎర్రబడడం చూశాను. నేను తప్పు చేస్తే నవ్వులపాలైంది ఆయన. ఫోన్ కట్ చేసి నా చేతికిచ్చి వరండా చివరికి వెళ్ళిపోయారు. యలమంద గారు కూడా నవ్వు ఆపి, తన మెసేజీ తీసేశారు. అప్పటికే నలభై మంది చూశారు.

నేను వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను.

"సోమవారం దాకా అన్నారని చెప్తే నేనేమన్నా అనేవాణ్ణా?" అన్నారు, నా వైపు చూడకుండా. "ఆ ఆదివారం పోతే ఇంకో ఆదివారం రాదా?"

ఇడ్లీ పొట్లం సంగతి చెబుదామనుకున్నాను. కానీ కట్ట మీద అంత రుచిగా తిన్న ఇడ్లీ ఇప్పుడు తలుచుకుంటే గొంతు దిగేలా లేదు.

అక్కడే మెట్టు మీద కూర్చుని గ్రూపులో రాశాను. నా పూర్తి పేరు పెట్టి, జరిగింది జరిగినట్టు, స్ప్రేయర్‌తో సహా. పంపేముందు ఆయనకి చూపించాను. చదివి, తలూపారు. తర్వాత ఖాదర్ గారికి నేనే ఫోన్ చేశాను.

"క్షమించండి ఖాదర్ గారూ. మీరు చెయ్యని పనికి మీకు మాటొచ్చింది."

"ఎవరో పంపితే చూశానమ్మా మీరు పెట్టింది. సంతోషం." ఆయన గొంతు నెమ్మదిగానే ఉంది. "కానీ ఈలోపే ఆ మొదటి మెసేజీ గురించి విని, ముస్తాక్ అని ఒకాయన ఫోన్ చేశాడు. అరండల్‌పేటలో ఉంటాడు. రేపు తెస్తానన్న బండి తేనన్నాడు. మీరు రాసింది చూపిద్దామంటే, నేనే మీ చేత రాయించానంటాడు. నేను చెప్తే నమ్మడు గదమ్మా."

ఫోన్ పెట్టేశాను. ఆయన ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. అన్నా బాగుండేది.

లోపలికొచ్చి నల్లబడ్డ పకోడీలు పారబోసి, ఇంకో వాయి వేసి, ముస్తాక్ సంగతి చెబుతూ ఇద్దరికీ పెట్టాను. నాకు తినబుద్ధి కాలేదు. యలమంద గారు తింటూ తింటూ, "పోనీలే అమ్మాయ్, బళ్ళన్నీ ఖాదర్‌కే ఇస్తాం, నేను చెప్తాగా అందరికీ," అన్నారు.

"మీరొద్దు అన్నయ్యగారూ. నేనే చెప్పాలి," అన్నాను. "రేపు పొద్దున్నే సైకిలు తీసుకుని బ్రాడీపేట వెళ్తున్నా. ఆయన నా ఎదురుగా విప్పుతారు. లోపల్నుంచి నీళ్ళొస్తాయో బురదొస్తుందో, వచ్చింది వచ్చినట్టు వీడియో తీసి, ఇది ఎవరు చేసిన పనో నా నోటితో చెప్పి గ్రూపులో పెడతా."

"మరి ముస్తాక్?" అన్నారు మావారు. అరగంట తర్వాత ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

"షాపుకి వెళ్ళేముందే ఆయనింటికి వెళ్తా. నా మొహం చూసి నమ్మితే, ఆయన బండి నేనే నడిపించుకుంటూ ఖాదర్ గారికి తీసుకెళ్ళి ఇస్తా."

మావారు ప్లేటు పక్కన పెట్టారు.

"రెండు బళ్ళు నువ్వొక్కదానివే ఎలా నడిపిస్తావు?" అన్నారు. "ఆరున్నరకల్లా బయల్దేరదాం."