కుర్చీలోంచి లేవడం

"చేతులు ఆనించకుండా లే అక్కా. ఆనించావో, ఎర్ర చీటీయే!"

చిన్నావిడ గరిటె పట్టుకుని నిలబడింది, బడిపంతులు బెత్తం పట్టుకున్నట్టు. కుర్చీలో ఉన్న పెద్దావిడ చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని, ఊపిరి బిగబట్టి ముందుకు వంగింది. సగం లేచి మళ్ళీ కూలబడింది.

"నా వల్ల కాదే. బతుకంతా పొయ్యి ముందు నిలబడే ఉన్నాను. ఇప్పుడైనా కూర్చోనీ."

"ఆ కొలతల పిల్ల వచ్చి వెళ్ళాక నీ ఇష్టమొచ్చినంత కూర్చో. ఇప్పుడు లే."

వాళ్ళిద్దరూ తోటికోడళ్ళు. అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు దాటిపోయాక వీళ్ళకు మిగిలింది ఒక గది, ఒక వంటిల్లు, మూడో అంతస్తు. లిఫ్టు లేదు. పెద్దావిడ ఆసుపత్రి వంటశాలలో గుండిగలు దించీ దించీ నడుం పోగొట్టుకుంది. చిన్నావిడ బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టీ కుట్టీ కళ్ళు మసకబెట్టుకుంది. జబ్బలు పట్టుకుని కూరగాయలకు బయల్దేరే ఆ ఇద్దరికీ వీధి వీధంతా జోడెడ్లని పేరు పెట్టింది. "జోడెడ్లు వస్తున్నాయి, దారివ్వండ్రా!" అని అరుస్తాడు మలుపులో చెప్పులు కుట్టే అతను. చిన్నావిడ ఆ పేరు ఒప్పుకోదు. "ఎద్దు ఒకటే నాయనా. ఈ రెండోది బండి," అంటుంది అక్కను చూపించి. అక్క నవ్వి ఊరుకుంటుంది.

ముసలివాళ్ళు పడిపోయి తుంటి ఎముకలు విరగ్గొట్టుకోవడం ఊళ్ళో ఎక్కువైపోయిందట. పడ్డాక కట్టు కట్టే కంటే, పడబోయేది ఎవరో ముందే కనిపెడదామని వార్డు ఆరోగ్య కేంద్రం వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి కొలతలు తీస్తున్నారు. ఢోకా లేనివాళ్ళకు ఆకుపచ్చ చీటీ, జాగ్రత్తగా ఉండాల్సినవాళ్ళకు పసుపు చీటీ, నేడో రేపో పడేలా ఉన్నవాళ్ళకు ఎర్ర చీటీ. ఎర్ర చీటీ వస్తే, మెట్లు ఎక్కే పని లేకుండా అన్నీ నేల మీదే ఉండే వృద్ధుల నివాసంలో మంచం ఇస్తారు. మంచి పనే, కాదనడానికి లేదు. చిక్కంతా ఆ మంచం ఒక్కరికే ఇవ్వడంలో ఉంది. తోడొచ్చే మనిషికి చోటు లేదు. పోనీ మంచం వద్దు, ఇంట్లోనే ఉంటామంటే అద్దెకిచ్చిన ఇంటాయన ఉండనివ్వడు. రెండో అంతస్తులో ఒకావిడ మెట్ల మీంచి దొర్లి చనిపోయినప్పట్నుంచీ ఆయనకు ముసలికాళ్ళంటే హడల్. "ఎర్ర చీటీ వచ్చినవాళ్ళను నా మేడ మీద ఉంచుకోను పిన్నిగారూ. రేపేదన్నా అయితే నా మెడకు చుట్టుకుంటుంది," అని ముందే చెప్పేశాడు.

అందుకే ఈ తర్ఫీదు. అక్కకు ఎర్ర చీటీ వస్తే అక్క వెళ్ళిపోతుంది. పొద్దున్నే లేచి పోట్లాడడానికి మనిషి లేని ఆ ఇంటిని చిన్నావిడ ఊహించుకోలేకపోయింది. అక్కచేత కుర్చీలోంచి లేవడం సాధన చేయించింది. గోడ వెంట నడిపించింది. ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి కళ్ళు మూసుకుని నిలబెట్టింది. "నువ్వు కూడా చెయ్యవే," అని పెద్దావిడ అంటే, "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను," అనేది. గురివింద గింజ తన నలుపెరగదంటారు.

కొలతల పిల్ల అనుకున్న రోజున సంచీ తగిలించుకుని వచ్చింది. మొహంలో అలసట ఉంది గాని మాటలో విసుగు లేదు. పెద్దావిడ చేతిలో పట్టు కొలిచే పిడి ఒకటి పెట్టి నొక్కమంది. గుండిగలు మోసిన చెయ్యి కదా, పిల్ల కళ్ళు పెద్దవి చేసింది.

"ఈ వీధిలో ఇంత పట్టు ఎవరికీ లేదు పెద్దమ్మగారూ! ఈ మధ్య ఎప్పుడైనా పడ్డారా?"

"పడలేదు," అంది చిన్నావిడ.

"మీరు కాదండీ, ఆవిడ చెప్పాలి."

"అదే చెబుతుందిలే అమ్మా. నా నోరు కూడా దాని దగ్గరే ఉంది," అంది పెద్దావిడ. పిల్ల నవ్వేసింది.

పెద్దావిడ చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. ఒంటరిగా నడిచి గోడ దగ్గర తిరిగి వచ్చింది. కళ్ళు మూసుకుని గుంజలా నిలబడింది. చిన్నావిడ లోలోపల పొంగిపోయింది. పిల్ల ఆకుపచ్చ చీటీ రాసిచ్చి, "ఇక మీరు రండి పిన్నిగారూ," అంది.

కుర్చీ పరీక్ష ఎలాగో గడిచింది. నడవమన్నప్పుడు చిన్నావిడ అలవాటుగా పక్కకు చెయ్యి చాచింది. అక్కడ అక్క లేదు. రెండడుగులు వేసేసరికి గది పక్కకు ఒరిగినట్టైంది, గోడ పట్టుకుంది.

"రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదమ్మా. మళ్ళీ చేస్తాను."

మళ్ళీ చేయనిచ్చింది పిల్ల. ఈసారి పాదం ముందు పాదం పెట్టి కళ్ళు మూసిందో లేదో, నరికిన అరటిచెట్టులా వాలిపోయింది. పిల్ల ఒడిసి పట్టుకోబట్టి సరిపోయింది. ఏ ఎద్దు లాగుతోందో కాడి విప్పితేగాని తెలియదు.

పిల్ల తల వంచుకుని ఎర్ర చీటీ తీసింది.

"అమ్మాయీ, నాక్కూడా అదే రాయి," అంది పెద్దావిడ. "నాకు నడుం నొప్పి. నేను రోజూ పడతాను. ఇందాకంతా దొంగాట."

"అలా కుదరదు పెద్దమ్మగారూ. కొలిచినవి కొలిచినట్టే ఫోన్లో ఆఫీసుకు వెళ్ళిపోయాయి. మళ్ళీ ఏడాదికే. మీకు ఇంత బాగా వస్తే సంతోషించాలి గాని..."

"సంతోషమా! నీకు పుణ్యముంటుంది, తీసెయ్యి ఆ సంతోషం."

పిల్ల సంచీ సర్దుకుని, మొహం తిప్పుకుని మెట్లు దిగిపోయింది.

"నీకు తెలుసా అక్కా?" అంది చిన్నావిడ.

"నీ బరువు నా జబ్బకు తెలియదుటే? మీ మరిది పోయిన దగ్గర్నుంచీ మోస్తూనే ఉన్నాను."

"అక్కా, నా మరిది కాదు, నీ మరిది."

"ఆఁ, నా మరిదే. ఇప్పుడు కూడా తప్పులు పట్టు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నా చెయ్యి పట్టుకునేదానివా? నీ పొగరు నాకు తెలియదూ? గోడలు పట్టుకుని దేక్కుంటూ పోయేదానివి."

ఇంటాయన మర్నాడే వచ్చాడు. పాపం, గుమ్మంలోనే నిలబడి నసిగాడు. పెద్దావిడ ఆయన్ను తిట్టని తిట్టు లేదు. "ఇద్దరం కలిసే ఉంటాం, పడితే ఇద్దరం పడతాం, నీకేం పోయింది?" అంది. ఆ మాట వినే చిన్నావిడ మనసు గట్టి చేసుకుంది. తను పడితే అక్క లేపకుండా ఉండదు. ఆ నడుంతో లేపబోతే అదే ఆఖరు. నివాసం నుంచి ఫోన్ వచ్చినప్పుడు అక్క చేతికి అందకుండా తనే తీసుకుని, "వస్తానండీ," అంది.

"పో. పోయి అక్కడ ఎవరికి పెత్తనం చేస్తావో చెయ్యి," అంది పెద్దావిడ. బట్టలు మడతపెట్టి సంచీలో పెట్టింది మాత్రం తనే.

వ్యాను వచ్చిన రోజు ఇద్దరు మనుషులు కుర్చీ తెచ్చి, చిన్నావిడను అందులో కూర్చోబెట్టి, పట్టీ బిగించి దించారు. పెద్దావిడ చెయ్యి వెయ్యబోతే, "పక్కకు జరగండమ్మా, మేం చూసుకుంటాం," అన్నారు. ఆవిడ వాళ్ళ వెనకే, కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టు మీదా కూర్చుంటున్నట్టుగా దిగి వచ్చింది. చిన్నావిడ కొంగు వ్యాను తలుపులో పడకుండా లోపలికి తోసింది, అంతే.

బండి కదిలాక చిన్నావిడ వెనక అద్దంలోంచి చూసింది. మసక కళ్ళకు కూడా కనబడింది. అక్క మొదటి మెట్టు మీద కాలు వేసింది. కమ్మీ పట్టుకుని పైకి చూసింది. పక్కన తన జబ్బ ఆసరా లేక రెండో కాలు లేవలేదు. కాలు దించి, మళ్ళీ వేసింది.

అన్నీ నేర్పించింది గాని, మెట్లు ఎక్కడం ఆ పరీక్షలో లేదు.

"బాబూ, ఒక్క నిమిషం ఆపు," అంది చిన్నావిడ. ఇంజను మోతలో డ్రైవరుకు వినబడలేదో, రోజూ వినే మాటే కదా అనుకున్నాడో, బండి మలుపు తిరిగింది.