గూట్లో వెంట్రుకల ఉండ

బాగలూరులో మునిలక్ష్మమ్మ పొద్దున లేస్తూనే రోజా తోటకు నీళ్లు వదిలేది. ఆ తరువాత ఇంట్లో దువ్వెనలకు చిక్కిన వెంట్రుకలు ఏరి, ఎవరివి వాళ్లవిగా ఉండలు చుట్టి గోడ గూట్లో పెట్టేది. వెంట్రుకలకు గిన్నెలిచ్చే ఆయన వచ్చి ఆడవాళ్లవి తీసుకుపోయేవాడు, మగవాళ్లవి పొట్టివని వదిలేసేవాడు. ఎవరి ఉండ వాళ్ల గుండెతో పాటే కొట్టుకునేది. చిన్నప్పుడు కొడుకు యతీశ్ ఆ చప్పుడు వింటూనే నిద్రపోయేవాడు.

భర్త నరసింహప్పకు ముప్పై దాటకముందే బట్టతల. "నా నెత్తిన ముగ్గేయొచ్చు మే" అని నవ్వేవాడు. ఎంత మంచి నవ్వు! నలభైనాలుగో ఏట ఆయన ఉండ తడబడింది. రెండు కొట్టి ఒకటి మానేది. చనిపోయిన పెద్దలు ఆకలితో పిలుస్తున్నారనుకుని మునిలక్ష్మమ్మ కోడిని కోసి కూర వండి, గూటి ముందు ఆకులో వడ్డించి పెద్దలకు ఎడ పెట్టింది. ఆ కూర ఆయన మళ్లీ అడిగి వేయించుకున్నాడు. మూడో రోజు పూలబుట్ట దించుతూ కూలబడ్డాడు. ఉండ ఆగిపోయింది.

ఇప్పుడు యతీశ్‌కు ముప్పై ఎనిమిది, మూకండపల్లిలో ఫ్యాక్టరీ పని. ఆదివారాలు వచ్చి వీపు తిప్పి కూర్చుంటే అచ్చం నరసింహప్పే. ఆ బట్టతల చూసి ఆమెకు సంతోషమూ దుఃఖమూ కలిసే వచ్చేవి.

ఒక సోమవారం కొడుకు ఉండ రెండు కొట్టి ఒకటి మానింది. ఈసారి ఆమె కోడి జోలికి పోలేదు. ఉండను కొంగున ముడేసుకుని బస్సెక్కింది.

"ఏం మా, ఈడికొచ్చినావు?" అన్నాడు యతీశ్, ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి.

"నీది తప్పుతా ఉందప్పా. ఆస్పత్రికి పోదాం పా."

"నాకేమైంది? షిఫ్ట్ అయినాక చూద్దాంలే."

ఆమె ముడి విప్పి ఉండను అతని చేతిలో పెట్టింది. అది రెండు కొట్టి ఒకటి మానడం అతని అరచేతికి తగిలింది. తరువాత లోపలికెళ్లి లీవు చెప్పి వచ్చాడు.

హోసూరులో డాక్టరమ్మ స్టెతస్కోపును ముందు ఉండ మీద, తరువాత అతని ఛాతీ మీద పెట్టింది. "వీళ్ల నాయనకూ చిన్న వయసులోనే బట్టతలా?"

"అవును తల్లీ. ఆయన గుండె ఆగి పోయినాడు."

"కొన్ని ఇండ్లల్లో రెండూ రక్తంలోనే దిగుతాయమ్మా. సరైన టైముకు తెచ్చినావు."

ఆ మధ్యాహ్నమే స్టెంటు వేశారు.

ఇల్లు చేరాక మునిలక్ష్మమ్మ కొడుకు ఉండను గూట్లో, చప్పుడు లేని పాత ఉండ పక్కన పెట్టింది. కొడుకుది ఒక్క దెబ్బా తప్పకుండా కొట్టుకుంటోంది.

"యతీశు నాయనా, ఈసారి సరిగ్గా విన్నాను" అంది, భర్త ఉండతో.

తోటకు వదిలిన నీళ్లు గట్లు దాటి పొర్లుతున్నా ఆ పొద్దు ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.