ఏడు దారాలూ వచ్చాయి

1999 నవంబర్ ఇరవై, శనివారం. కాన్‌బెర్రాలో ప్రదర్శన మధ్యాహ్నం రెండున్నరకి. పన్నెండింటికే కుల్సుం గ్రీన్‌రూములో మోకాళ్ల మీద కూర్చుని, చాముండేశ్వరి ఒంటి మీదే కిమోనో కుట్టడం మొదలుపెట్టింది.

కుల్సుం తండ్రి గుంటూరులో లేడీస్ టైలరు. భర్త హస్సాన్ వైటూకే కంప్యూటర్ కాంట్రాక్టు మీద ఇక్కడి ఒక ప్రభుత్వ శాఖలో చేరాడు. ఊరి శివారు గంగాలిన్‌లో అద్దె ఇల్లు. హస్సాన్ శనివారాలు కూడా ఆఫీసుకే పోతున్న రోజుల్లో, లైబ్రరీ గోడ మీద కుల్సుం ఒక కాగితం చూసింది. చేతికుట్టు వచ్చినవాళ్లు కావాలని ఉంది. అది అంటించింది మొరితా. జపాన్‌లో, క్యోటోలో నాట్యం నేర్చుకుని, ఆస్ట్రేలియన్‌ని పెళ్లాడి ఇక్కడ స్థిరపడిన మనిషి. అరవై రెండేళ్లు. శిష్యులు సెన్సే అని, అంటే గురువుగారూ అని, పిలుస్తారు.

ఆ నాట్యంలో వేషం మార్చడానికి నర్తకి లోపలికి వెళ్లదు. పాట నడుస్తుండగానే పై కిమోనో ఊడిపడి కిందిది బయటపడుతుంది. దాన్ని హికినుకి అంటారు. పై కిమోనోకి అక్కడక్కడ దారాలతో టాకాలు వేస్తారు. ప్రతి దారం చివరా ఒక ఉండ ఉంటుంది. నర్తకి వెనక నల్లబట్టల్లో కూర్చున్న కురోగో ఆ ఉండలు పట్టుకుని దారాలు వరసగా లాగి, దరువు పడగానే కిమోనో గుంజేస్తుంది. కబుకి నాటకాల నుంచీ వస్తున్న ఆనవాయితీ ప్రకారం నలుపంటే లేనట్టే. కురోగోని ఎవరూ చూడరు. పేరు కరపత్రంలో వెయ్యరు.

"అలాగని చిన్న పని కాదు," అని మొరితా మొదట్లోనే చెప్పింది. "మా దేశంలో 'నో' అనే పాతకాలపు నాటకంలో నటుడు పడిపోతే వెనక కూర్చున్న మనిషి లేచి మిగతా నాట్యం పూర్తి చెయ్యాలి. అందుకని అక్కడ అనుభవం ఉన్నవాళ్లనే కూర్చోబెడతారు."

జనవరిలో సిడ్నీలో ప్రదర్శన ఉంది. మొరితా గురువు క్యోటో నుంచి వస్తున్నారు. అందులో చాముండేశ్వరితో పాటు మొరితా కూడా ఆడుతుంది. ఆ రోజు తన దారాలు కుల్సుమే లాగాలని మొరితా అంది. కుల్సుం ఆ మాట గుంటూరు ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

చాముండేశ్వరిని మొరితా దగ్గరికి తీసుకొచ్చింది కుల్సుమే. తెనాలి ఆవిడ, పన్నెండేళ్లు కూచిపూడి చేసింది. ఈ ఊళ్లో కుల్సుం అక్కా అని పిలిచేది ఆవిడ ఒక్కదాన్నే.

"అమ్మాయ్, భుజం దగ్గర గట్టిగా కుట్టు. మధ్యలో జారిందంటే నా పని అయిపోద్ది."

"గట్టిగా కుడితే రాదక్కా."

"ముందే వచ్చేస్తే?"

"నేను లాగితేనే వస్తుంది. మీరు డాన్సు చూసుకోండి, వెనకాల సంగతి నాది."

"ఏమోనమ్మా. రెండొందల మంది. ఆ జపాన్ ఎంబసీ వాళ్లంతా ముందు వరసలోనే."

కుల్సుం ఏడు దారాలు వేసింది. ఒక్కో ఉండా తడిమి చూసుకుంది. నల్లబట్టలు వేసుకోవడానికి పక్కగదిలోకి వెళ్లి పది నిమిషాల్లో వచ్చింది.

పాట సగానికి వచ్చేసరికి చాముండేశ్వరి వీపు తిప్పి నిలబడింది. కుల్సుం వెనక్కి చేరి దారాలు లాగింది. ఏడూ వచ్చాయి. దరువు పడింది. గుంజింది. కుడివైపు ఊడింది, ఎడమ భుజం ఊడలేదు. మళ్లీ గుంజింది. రాలేదు. పాట ఆగదు, అది టేపు. సగం వేలాడే కిమోనోతో నర్తకి ముందుకు తిరగాల్సిన క్షణం వచ్చేసింది. కుల్సుం రెండు చేతులా పట్టుకుని లాగింది. పట్టు చిరిగిన చప్పుడు ముందు వరసకి వినిపించింది. ఎవరో నవ్వారు. చాముండేశ్వరి ముందుకు తిరిగి నాట్యం పూర్తి చేసింది.

ఆ కిమోనో మొరితా తల్లిది.

గ్రీన్‌రూములో కుల్సుం చిరిగిన భుజం విప్పి చూసింది. లోపలి మడతలో ఒక పిన్నీసు ఉంది. పైటకి పెట్టుకునే రకం. చాముండేశ్వరి అద్దం ముందు కూర్చుని విగ్గు తీసుకుంటోంది. పిన్నీసునీ కుల్సుంనీ అద్దంలోంచే చూసింది.

మొరితా వచ్చింది. "ఎన్ని దారాలు?"

"ఏడు."

"ఏడూ వచ్చాయా?"

కుల్సుం అద్దం వైపు చూసింది. అక్క చెబుతుందని ఆగింది.

"దారం ఎక్కడో చిక్కుకుంది సెన్సే," అంది చాముండేశ్వరి. "తను కొత్త కదా. కంగారుపడి ఉంటుంది."

కుల్సుం అరచేయి చాపింది. ఏడు ఉండలు, పిన్నీసు. మొరితా వాటిని చూసింది. తర్వాత చాముండేశ్వరిని చూసింది. చాముండేశ్వరి తల దువ్వుకుంటోంది.

"సిడ్నీకి వేరే మనిషిని చూసుకుంటాను," అంది మొరితా కుల్సుంతో.

"మీరు చూశారు కదా."

"చూశాను. ఆవిడ పేరు క్యోటోకి రాసేశాను. చిరిగింది మా అమ్మ కిమోనో, ఎవరు చింపారని గురువుగారు నన్ను అడుగుతారు. కురోగో తప్పు అంటే అక్కడితో సరిపోతుంది. ఇంకో నర్తకిని ఇప్పుడు నేను ఎక్కడ తెచ్చేది?"

మొరితా కుల్సుం చేతిలోంచి పిన్నీసు తీసుకుని చెత్తబుట్టలో వేసింది.

కుల్సుంకి డ్రైవింగు రాదు. ఆ శనివారం కూడా చాముండేశ్వరి కారులోనే గంగాలిన్‌కి బయల్దేరింది.

"నామీద కోపంగా ఉందా?" అంది చాముండేశ్వరి, ఊరు దాటాక. "నువ్వైతే పెట్టుకోవా? చీర కట్టినా పెట్టుకుంటాం కదే. అలవాటు. తియ్యడం మర్చిపోయా."

"పెట్టినందుకు కాదు."

"మరి?"

"కొత్త కదా అన్నారు."

"ఏదో ఒకటి అనాలిగా ఆ టైంలో. సిడ్నీ అయిపోనీ, నేనే కూర్చోబెట్టి చెప్తా ఆవిడకి. సారీ కూడా చెప్తా."

"ఇప్పుడు చెప్పండి. ఫోన్ ఉందిగా."

మొబైల్ రెండు సీట్ల మధ్య ఉంది. సిగ్నల్ దగ్గర కారు ఆగింది. చాముండేశ్వరి ఫోన్ వైపు చూసింది, స్టీరింగ్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. గ్రీన్ పడింది. కారు కదిలింది.

కారు ఇంటి ముందు ఆగింది. కుల్సుం సూదులపెట్టె తీసుకుని దిగింది. చాముండేశ్వరి అద్దం దించింది.

"బుధవారం రిహార్సల్‌కి వస్తావుగా? రాబోయే కొత్తమ్మాయికి కుట్టు ఎవరు చూపిస్తారే? సెన్సే కళ్లు కూడా సరిగ్గా ఆనట్లేదు."

"నేను రానండి, చాముండేశ్వరి గారూ," అని కుల్సుం గేటు తీసుకుని లోపలికి వెళ్లింది.