వాగుకు ఇవతల ఆగిన బండి

హనుమండ్లు బయలుదేరింది మరదలిని చూడటానికే గాని, ఆయన మనసంతా దారి మీదే ఉంది. పెద్దపల్లిలో రైలెక్కి ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్‌లో దిగితే, అక్కడి నుంచి ఏ కలప లారీనో పట్టుకుని జైనూర్ దిక్కుకు పోవచ్చని ఊళ్లో అందరూ చెప్పారు. ఆయన వినలేదు.

"రైలుల కూసుంటే చెట్లు ఉరుకుడే గని, మనం సూసేదేముంటది?" అన్నాడు.

చొప్పదండి పక్క పల్లెలో పుట్టి, యాభై ఏళ్లు వచ్చేదాకా కరీంనగర్ అంగడి దాటి పోని మనిషి. నిజాం కాలంలో రజాకార్ల భయం, ఆ తర్వాత మిలిటరీ భయం. ఊరు దాటితే తిరిగి వస్తామన్న నమ్మకం ఉండేది కాదు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ అని కొత్త రాజ్యం వచ్చింది. పంట ఇంటికి చేరింది. ఎద్దులు ఖాళీగా ఉన్నాయి. గోదావరిని, దాని అవతలి అడవిని ఎద్దుల నడకలోనే చూడాలని ఆయన కోరిక.

ఆయన భార్య లింగవ్వకు ఆ కోరిక లేదు. ఆమెకు కావలసింది చెల్లెలు కొమురవ్వ ఒక్కతే. రజాకార్ల గడబిడ జరిగిన ఏడాది మరిది గంగయ్య భూమి దొరుకుతుందని అడవి దిక్కు పోతూ కొమురవ్వను వెంట తీసుకుపోయాడు. మళ్లీ అక్కాచెల్లెళ్లు కలుసుకోలేదు. కొమురవ్వకు పుట్టిన బిడ్డను లింగవ్వ ఇంకా చూడనే లేదు.

గూడు కట్టిన బండిలో గడ్డి పరిచి, సర్వపిండి, జొన్నరొట్టెలు మూట కట్టుకుని బయలుదేరారు. ధర్మారం దాటేదాకా బాగానే ఉంది. తెల్లారక ముందే బండి కట్టడం, ఎండ ముదరగానే ఏ చింత కిందో ఎద్దుల్ని విప్పడం, చల్లబడ్డాక మళ్లీ సాగడం. దారిలో కనపడిన ప్రతి మనిషినీ హనుమండ్లు పలకరించేవాడు. ఏ ఊరు, ఏం పండుతుంది, బావిలో నీళ్లెంత లోతున ఉన్నాయి. చక్రం కిర్రుమంటే దిగి కందెన రాసేవాడు. రాస్తూ రాస్తూ పక్క చేనులోని మనిషితో ముచ్చట పెట్టేవాడు.

"నువ్వు గిట్ల ఊరూరికి వియ్యమందుకుంట పోతే నా చెల్లె ముసల్ది అయితది," అని లింగవ్వ విసుక్కునేది.

రాయపట్నం దగ్గర గోదావరి ఎండిపోయి పాయలుగా చీలి ఉంది. ఇసుకలో చక్రాలు దిగబడి ఎద్దులు మోకాళ్ల మీద కూలబడ్డాయి. ఇంకో జత ఎద్దులున్న మనిషి అటుగా వచ్చేదాకా సగం రోజు అక్కడే పడి ఉండాల్సి వచ్చింది. లింగవ్వ తిట్టి తిట్టి అలిసిపోయింది. హనుమండ్లు మాత్రం పాయలో బర్రెలా పడుకుని, గడ్డం దాకా నీళ్లలో మునిగి, "జర రావే! మల్ల ఎప్పుడస్తం?" అని పిలిచాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని లింగవ్వ కూడా చీర మోకాళ్ల దాకా ఎగగట్టి నీళ్లలో కూర్చుంది. చల్లటి నీరు నడుమును తాకేసరికి ఆమెకు నవ్వు ఆగలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో మొగుడి పక్కన ఏ పనీ లేకుండా అలా కూర్చున్నది అదే మొదటిసారి.

లక్షెట్టిపేట దాటాక అడవి మొదలైంది. ఇప్పపూల వాసన గాలిని మత్తుగా చేసింది. హనుమండ్లు తునికి పండ్లు కోసుకొచ్చి భార్య ఒడిలో పోసేవాడు. కాని జన్నారం దగ్గరవుతున్న కొద్దీ దారి మారిపోయింది. ఎదురు బండి ఒక్కటి కూడా రావడం లేదు.

"దారంత మనదే," అన్నాడు హనుమండ్లు సంతోషంగా.

"గదే నాకు మంచిగనిపిస్తలేదు," అంది లింగవ్వ.

మరునాడు పొద్దెక్కాక ఒక ఊరి పొలిమేరలో ఎద్దులు ఉన్నట్టుండి నిలబడిపోయాయి. తోక మెలితిప్పినా కదల్లేదు. దారికి అడ్డంగా చిన్న కర్రబండి ఉంది. పిల్లలు ఆడుకునేదంత ఉంటుంది. దాని నిండా పసుపు, కుంకుమ, వేపమండలు. మధ్యలో పచ్చి మట్టితో చేసిన అమ్మవారి బొమ్మ. పక్కన తల లేని కోడి, దాని మీద ఈగలు.

"ముట్టకు," అంది లింగవ్వ.

"ముట్టకుంటే ఎట్ల పోతం?" అని హనుమండ్లు దిగి, దండం పెట్టుకుని, ఆ బండిని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టాడు.

ఊళ్లో ఏ ఇంటి మీదా పొగ లేదు. కుక్కలు అరవలేదు. బావి గట్టు మీద బొక్కెన బోర్లా పడి ఉంది. దాని చేంతాడు బావిలోకి వేలాడుతోంది. హనుమండ్లు నీళ్లు తోడి, ముఖం కడుక్కుని, దోసిలి పట్టి కడుపునిండా తాగాడు.

"తియ్యగున్నయే. దిగు!"

లింగవ్వ దిగలేదు. "బొక్కెన గట్ల ఇడిసిపెట్టి పోతరా ఎవలన్న?" అంది.

ఒక గుడిసె తలుపు సందులోంచి ముసలమ్మ ఒకతె వాళ్లను చూసింది. పొమ్మన్నట్టు చేయి ఊపింది. ఊపుతూనే ఉంది.

ఊరు దాటాక మద్దిచెట్టు కింద ఒక మనిషి గాజుల మలారం పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పేరు ఇబ్రాహీం. ఉట్నూరు అంగడికి గాజులు అమ్మబోయి, దారి మూసి ఉంటే తిరిగి వస్తున్నాడు. నలభై దాటిన వాడు. బండిని చూడగానే లేచి నిలబడ్డాడు.

"గా ఊర్లకెళ్లి వచ్చిన్రా? ఆగిన్రా ఆడ?"

"ఎందుకు? ఏమైంది?" అంది లింగవ్వ.

"గత్తర లేచిందక్కా, గదే కలరా. అంగడి బందయ్యింది. ఉట్నూరు తొవ్వకు కంపలు కొట్టిన్రు. అమ్మోరిని బండిల పొలిమేరకు సాగనంపినా ఆగలే, గా ఊర్లె సగం మంది సచ్చిన్రు, సగం మంది అడవిల పడ్డరు. నీళ్లు గిట్ల తాగలే గదా?"

లింగవ్వ మొగుడి వైపు చూసింది. హనుమండ్లు ఎద్దుల వైపు చూశాడు.

వెనక్కి పోవాలంటే మళ్లీ ఆ ఊరి మీదుగానే పోవాలి. ముందుకైతే ఉట్నూరు తగలకుండా జైనూర్ దిక్కు పోయే బండ్లబాట ఒకటి తనకు తెలుసునని ఇబ్రాహీం అన్నాడు. ఒంటరిగా నడవడం అతనికీ భయంగానే ఉంది. బండి ఎక్కాడు. ఆ సాయంత్రం హనుమండ్లు తునికి చెట్లు కనపడినా బండి ఆపలేదు.

మరునాడు ఎండ ముదిరే వేళకు ఆయన పగ్గాలు ఇబ్రాహీం చేతికిచ్చి కడుపు పట్టుకుని పొదల్లోకి పోయాడు. వచ్చాడు. మళ్లీ పోయాడు. మూడోసారి పోలేకపోయాడు. పిక్కలు కొంకర్లు పోయి అరిచాడు. పూట గడవక ముందే కళ్లు గుంతలు పడ్డాయి. గొంతు కీచుగా మారింది. బండిలో పడుకోబెట్టి లింగవ్వ ఆయన కాళ్లు రాస్తూ కూర్చుంది.

"నువ్వు దిగి పో తమ్మీ," అంది ఇబ్రాహీంతో. "నీకు పెండ్లాం పిల్లలుంటరు."

"ఏడికి పోవాలక్కా? పోయేటప్పుడు నేను గూడ గా ఊరు పక్కకెళ్లే పోయిన. నా లోపల ఏమున్నదో నాకేం ఎరుక?" అని అతను ఎద్దుల్ని అదిలించాడు.

పొద్దు వాలుతుండగా సన్నటి వాగు ఒకటి అడ్డం వచ్చింది. అవతల మిట్ట మీద ఇరవై ముప్పై ఇళ్లు. పొయ్యిల పొగ, కోళ్ల అరుపు, పిల్లల కేకలు. గంగయ్య ఊరు అదేనని ఇబ్రాహీం చెప్పాడు. లింగవ్వ ఇన్ని రోజులు ఎదురుచూసింది ఈ క్షణం కోసమే.

"తోలు," అన్నాడు హనుమండ్లు లోపలి నుంచి. "ఇంటికాడ పండుత."

బండి వాగులోకి దిగబోతుండగా లింగవ్వ ఒక్కసారిగా ముందుకు వంగి ఇబ్రాహీం చేతిలోని పగ్గాలు లాగింది.

"ఆపు తమ్మీ. గీడనే ఆపు."

"అక్కా, ఊరచ్చె..."

"నాకు కనబడ్తలేదా? పిల్లలున్నరు ఊర్లె. ఆపు."

ఎద్దుల్ని విప్పారు. ఇబ్రాహీం పుల్లల కోసం పోయాడు. హనుమండ్లు ధోవతి మళ్లీ పాడైంది. లింగవ్వ దాన్ని తీసి, ఇంట్లో రోజూ చేసే పనిలాగే, ఆలోచించకుండానే వాగులో జాడించింది. తెల్లటి నురుగు రాళ్ల మధ్య నుంచి జారి, ఊరి మిట్ట కిందికి తిరిగింది.

"ఏం జేస్తున్నవక్కా!" ఇబ్రాహీం పుల్లలు పారేసి పరిగెత్తుకొచ్చాడు. "గీ నీళ్లు గా ఊరికే పోతయ్!"

లింగవ్వ చేతిలోంచి ధోవతి జారిపోబోయింది. ఇబ్రాహీం అందుకుని ఒడ్డున పడేశాడు. ఆమె దిగువకు చూసింది. అక్కడ మలుపులో ఇద్దరు ఆడవాళ్లు బిందెలు పట్టుకుని దిగుతున్నారు.

"ముంచకున్రి!" అని అరిచింది. తన గొంతే తనకు కొత్తగా వినపడింది. "వాగు నీళ్లు ముట్టకున్రి! గత్తరొచ్చింది! గీడ గత్తర మనిషున్నడు!"

బిందెలు రాళ్ల మీద దొర్లిన చప్పుడైంది. కాసేపటికే అవతలి ఒడ్డు జనంతో నిండింది. మగవాళ్ల చేతుల్లో కట్టెలున్నాయి. బండిని వెనక్కి తోలమని ఒకడు, బండికి అగ్గి పెట్టాలని ఇంకొకడు. ఆ గుంపును తోసుకుంటూ చంకలో బిడ్డతో ఒక ఆడమనిషి ముందుకొచ్చింది. లింగవ్వ వెంటనే గుర్తుపట్టలేదు. కొమురవ్వ బాగా సన్నబడింది.

"అక్కా!" అంటూ కొమురవ్వ వాగులోకి దిగింది. నీళ్లు మోకాళ్లకొచ్చాయి.

"రాకు."

"బావకేమైందే? నేనొస్తున్న..."

లింగవ్వ వంగి పిడికెడు రాయి తీసింది. "ఇంకో అడుగేస్తే కొడ్త. పిల్ల ఉన్నది నీ సంకల. కొడ్త చెల్లె, నా మాటిను!"

కొమురవ్వ ఇంకో అడుగు వేసింది. రాయి ఆమె ముందే నీళ్లలో పడి బిడ్డ ముఖం మీద చిల్లింది. బిడ్డ గుక్కపెట్టి ఏడ్చింది. కొమురవ్వ అక్కడే నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, వెనక్కి నడిచింది.

గుంపులో ఇంకా గొడవ ఆగలేదు. అప్పుడు గంగయ్య గట్టిగా అన్నాడు: "గా బండి ఆడ ఆగబట్టే మనకు ఎరుకైంది. సప్పుడు జేయక ఊర్లెకు వచ్చుంటే ఏం జేద్దురు? నేను ఉట్నూరుకు పోత. సూదులిచ్చేటోళ్లను తెస్త. అప్పటిదాక ఎవలు వాగుల చెయ్యి పెట్టద్దు." అని అప్పటికప్పుడే బయలుదేరాడు.

కొమురవ్వ నీళ్లు తగలకుండా రాళ్ల మీదుగా వచ్చి, వాగు మధ్యలో ఉన్న బండ మీద ఉప్పేసిన గంజి కుండ పెట్టి పోయేది. ఆమె పోయాక ఇబ్రాహీం వచ్చి తెచ్చేవాడు. ఖాళీ కుండను ఇవతలే పగలగొట్టేవాడు. కొంచెం కొంచెంగా హనుమండ్లు నోట్లో పోసేవారు. లోపల నిలిచేది కాదు.

మరునాటి పొద్దున ఆయనకు కాస్త తెలివి వచ్చింది. లేవలేక, "ఏం కనబడ్తుందే అవుతల?" అని అడిగాడు.

"ఇండ్లు," అంది లింగవ్వ.

"గట్ల గాదు. మంచిగ జెప్పు."

ఆమె బండి గూడుకు ఆనుకుని చెప్పడం మొదలుపెట్టింది. మిట్ట మీద ఇప్పచెట్లున్నాయి, కింద పూలు ఎండబోశారు. ఒక ఇంటి మీద గుమ్మడి తీగ పాకింది. ఎర్రావు ఒకటి దడి మీంచి మెడ చాచి ఏదో మేస్తోంది. ఆ వెనక గుట్ట, గుట్ట వెనక ఇంకో గుట్ట, అది నీలంగా ఉంది. ఇన్ని రోజులూ తొందరపెట్టిన మనిషి ఇప్పుడు ఒక్కొక్క చెట్టునూ నెమ్మదిగా, వీలైనంత ఆలస్యంగా చెప్పింది. ఆవు సంగతి ఇంకేమైనా అడుగుతాడేమోనని ఆగింది. ఆయన అడగలేదు.

మోయడానికి నలుగురు లేరు. ఇబ్రాహీం, లింగవ్వ కలిసి మోశారు. ఇవతలి ఒడ్డునే చితి పేర్చారు. పరుపు, గడ్డి, గూడు, బట్టలు అన్నీ దాని మీదే వేశారు. అవతలి ఒడ్డున ఊరంతా నిలబడి చూసింది. కొమురవ్వ ఏడుపు నీళ్ల మీంచి వినపడింది. లింగవ్వ మాత్రం మలుపు దగ్గరి రాళ్ల వైపే చూస్తూ ఉండిపోయింది.

గంగయ్య సూదులిచ్చేవాళ్లను తీసుకొచ్చాడు. ఊరందరికీ ఇచ్చి, ఇవతలి ఇద్దరికీ ఇచ్చి, బావిలో మందు కలిపారు. కొన్ని రోజులు గడిచేదాకా వాగు దాటొద్దని లింగవ్వకు చెప్పారు. ఆమె చెట్టు కింద కూర్చుని ఇళ్ల పొగలు చూసేది. ఏ ఇంటి మీద పొగ ఆలస్యమైనా లేచి నిలబడేది. ఒక పొద్దున రెండిళ్ల మీద పొగ లేవలేదు. ఒక ముసలాయన, ఒక బాలింత గత్తరతో మంచాన పడ్డారు. ఆ రోజులు ఎలా గడిచాయో లింగవ్వ తర్వాత ఎవరికీ చెప్పలేకపోయింది. ముసలాయన, బాలింత ఇద్దరూ బతికారు.

గడువు తీరాక ఇబ్రాహీం మలారం భుజానికెత్తుకున్నాడు. బంధువులున్న కాగజ్‌నగర్ పోతానన్నాడు. "ఫికర్ చెయ్యకక్కా," అన్నాడు. లింగవ్వ అతని తల మీద చేయి పెట్టింది.

కొమురవ్వ వాగులోకి ఎదురొచ్చి అక్కను పట్టుకుంది. ఇద్దరూ నీళ్ల మధ్యలో నిలబడి ఏడ్చారు. ఒడ్డెక్కుతూ లింగవ్వ అడిగింది: "వాళ్లిద్దరు వాగు నీళ్లు తాగిన్రా?"

"లేదక్కా. మేమంత బాయి నీళ్లే తాగుతం."

"మరి గా పొద్దు బిందెలెందుకు తెచ్చిన్రు?"

కొమురవ్వ బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "పా, ఎండయితుంది," అంది.

ఊళ్లో ఒకరిద్దరు పిల్లల్ని లోపలికి లాగి తలుపులు వేసుకున్నారు. కొమురవ్వ అక్క చేయి వదలకుండా వీధి మధ్యలోనే నడిచింది. బాలింత ఇంటి ముందుకు వచ్చేసరికి లింగవ్వ ఆగిపోయింది. లోపల పసిబిడ్డ ఏడుస్తోంది.

"నడువక్కా," అంది కొమురవ్వ మెల్లగా.

"పానం ఎట్లున్నదో అడుగుత."

తలుపు సగం తెరుచుకుంది. పాలిపోయిన ముఖంతో ఒక చిన్న వయసు మనిషి గడప లోపల నిలబడి లింగవ్వను కింది నుంచి మీదికి చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపటికి గోడకు ఆనించి ఉన్న పీటను కాలితో గడప బయటికి నెట్టింది.

లింగవ్వ దాని మీద కూర్చుంది.