ఎవరూ ఉలి ఎత్తని రోజు

నలభై గుర్రాల మోటారును ఒంటి వేలితో ఆపిన మనిషి కథ చెబుతాను, వినండి. గుర్రాలను నువ్వు లెక్కపెట్టావా అని అడిగేవాళ్ళు వెనక బెంచీలో కూర్చోండి.

ఆ మనిషిని షెడ్డులో అందరూ నత్త అనేవారు. అతను కొయ్యను గిరగిరా తిప్పే లేతు మీద ఒక గిన్నె చెక్కి దించేలోగా పక్కవాళ్ళు రెండు దించేసేవారు. అయితేనేం, నత్త గిన్నె అంచు మీద కళ్ళు మూసుకుని వేలు తిప్పితే ఎక్కడ మొదలెట్టారో మీకే తెలియదు. అక్కడ చేసేవన్నీ అలంకారానికే. ఎవరూ తాగని గిన్నెలు, ఎవరూ తినని పళ్ళేలు. కలవారి గోడలెక్కి కూర్చునేవి.

లేతులన్నిటినీ తిప్పేది ఒకే మోటారు. దూలాల కింద పొడవాటి ఇనుప ఇరుసు, దాన్నుంచి ఒక్కో లేతుకీ ఒక్కో బెల్టు. మొదట్లో ఏ లేతుకా లేతు ఆపుకునే మీట ఉండేది. చెమట తుడుచుకునే వంకతో ఆపేస్తున్నారని యజమాని వాటిని పీకించాడు. మోటారు స్విచ్చును తన గదిలో పెట్టించుకుని తలుపేసుకున్నాడు.

నత్త పక్క లేతు వాళ్ళ వదినది. తిరిగే పళ్ళేనికి లక్క కర్ర ఆనించి రంగు పట్టించడం ఆవిడ పని. ఆ వేళ ఆవిడ చొక్కా చేయి పళ్ళెం అంచుకు తగులుకుంది. గుడ్డ చుట్టుకుంటూ చేతిని లాక్కుపోయింది. నత్త పరుగెత్తాడు. జన్మలో అదే మొదటిసారి. గది అద్దాల తలుపు బాదాడు. లోపల యజమాని ఫోనులో ఎవరికో పళ్ళేల నునుపు గురించి వర్ణిస్తున్నాడు. నత్త వంక చూడకుండానే ఒక వేలు ఎత్తాడు, ఆగమని.

గుడ్డ చిరిగి చెయ్యి బయటపడేసరికి మణికట్టు విరిగిపోయింది. పళ్ళెం మాత్రం తిరుగుతూనే ఉంది.

వదులు చొక్కా వేసుకోవడం ఆవిడదే తప్పని, రేపట్నుంచి రానక్కర్లేదని మేస్త్రీ తేల్చేశాడు. స్విచ్చు బయట పెట్టించమని అడిగితే, గోడ అవతల పనికోసం జనం కాచుకుని ఉన్నారని యజమాని గుర్తుచేశాడు.

అప్పట్నుంచి నత్త ఒకచోట నిలవలేదు. కంచం ముందు కూర్చుంటే కాలు ఆడేది. కళ్ళు మూస్తే అద్దం వెనక ఆ వేలు లేచేది.

మర్నాడు సాయంత్రం వదిన గదిలో అందరూ చేరారు. ఉన్నది ఒక్క మంచం, ఒక్క పొయ్యి. సగం మంది గుమ్మంలోనే నిలబడ్డారు. పాలిషు పట్టేవాడు, మిరపకాయ అని పేరు, మోటారు పగలగొడదామన్నాడు. ముసలి పనివాడొకాయన, అందరికీ బాబాయే, పగలగొడితే జైలూ ఆకలీ మనకే మిగులుతాయన్నాడు. దణ్ణం పెట్టి అడుగుదామని ఇంకొకరు గొణిగారు.

"అడగడానికెళ్తే నా చెయ్యి కూడా పట్టుకెళ్ళండి," అంది వదిన దిండు మీది కట్టు చూపించి. "ఎలాగూ దానికిప్పుడు పని లేదుగా." తర్వాత మరిది వైపు తిరిగింది. "ఏమయ్యా, గడప అరిగిపోతోంది. లోపలికైనా రా, బయటికైనా పో."

నత్త లోపలికొచ్చాడు.

ఆ షెడ్డులో ఒక అలవాటుంది. పచ్చి మొద్దును గుండ్రం చేసేటప్పుడు ఉలి లోతుగా దిగాలి. రెండు మూడు ఉలులు ఒకేసారి అలా దిగితే మోటారు మూలుగుతుంది. అందుకని దించబోయేవాళ్ళు "బరువు" అని కేకేస్తారు. మిగతావాళ్ళు తమ ఉలి ఎత్తి దారిస్తారు. యజమాని నేర్పింది కాదది. వాళ్ళలో వాళ్ళు ఏర్పరచుకున్నది.

"అది దాని బలంతో తిరుగుతోందనుకుంటున్నాం," అన్నాడు నత్త. "మనం ఒకరికోసం ఒకరం ఉలి ఎత్తుతున్నాం గనక తిరుగుతోంది. ఎత్తకపోతే?"

మిరపకాయ పగలగొట్టే మాట వదిలేసి, ఉలులెన్నో వేళ్ళ మీద లెక్కపెట్టాడు. అదీ జన్మలో మొదటిసారే.

"ఉలి ఎగిరి మొహాన కొడితేనో?" అన్నాడు బాబాయి.

"మెల్లగా దించుదాం బాబాయ్. మెల్లగా తప్ప నాకింకేం వచ్చు?"

పొద్దున్నే అందరి లేతుల మీదా పచ్చి మొద్దులెక్కాయి. వదిన చోట మాత్రం రంగు పట్టాల్సిన పళ్ళెం ముందు, గోడ అవతలి జనంలోంచి వచ్చిన కొత్తామె నిలబడింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెబితే మేస్త్రీ చెవిలో వేస్తుందేమోనని భయం.

"బరువు," అన్నాడు నత్త. ఎవరూ ఉలి ఎత్తలేదు. "బరువు," అన్నాడు బాబాయి. ఆ మూల నుంచి బరువు, ఈ మూల నుంచి బరువు. బెల్టులు కీచుమన్నాయి, మాడు వాసన లేచింది. కొత్తామె చుట్టూ చూసింది, తన చొక్కా చేతుల వంకా చూసుకుంది. వాటిని మోచేతుల పైకి మడిచి, లక్క కర్ర అదిమి పట్టింది. లక్క కర్రకు బరువెంతంటారా? ఆఖరి బరువు అదే.

మోటారు ఆగిపోయింది.

మేస్త్రీ ఫ్యూజు మార్చాడు. మళ్ళీ తిరిగింది, మళ్ళీ బరువు, మళ్ళీ ఆగింది. యజమాని షెడ్డులోకి దూసుకొచ్చి ఎవడు మొదలెట్టాడో చెప్పమన్నాడు. నత్త తన మొద్దు అంచు తడిమి చూసుకుంటున్నాడు. యజమాని వంక చూడకుండానే ఒక వేలు ఎత్తాడు, ఆగమని.

యజమాని ఆగాడు.

ఇదీ ఆ ఒంటి వేలు. అది ఆపింది మోటారును కాదు. మోటారును ఆపింది షెడ్డు షెడ్డంతా. నేను మొదట్లో కాస్త కోతలు కోశాను. కొయ్యకపోతే మీరు కూర్చునేవారా?

"మీ మొద్దులు గట్టివి సారూ," అన్నాడు నత్త తీరిగ్గా. "స్విచ్చు బయట పెట్టించండి. దానికి తాడు మేం కట్టుకుంటాం. మా వదిన పనిలోకొస్తుంది. ఈ కొత్తావిడా ఉంటుంది. అప్పుడు తిరుగుతుంది."

యజమాని వణికే చేత్తో గది తలుపు తీశాడు. స్విచ్చు బయటికొచ్చింది. దానికి కట్టిన తాడును లేతులన్నిటి మీదుగా లాగారు, ఎవరు అందుకున్నా మోటారు ఆగేట్టు. వదిన వచ్చి బాగున్న చేత్తో మొదట లాగింది. ఆ నిశ్శబ్దంలో పైనుంచి చెక్కపొట్టు రాలడం వినిపించింది.

కథ ఇంతే. అయితే ఒక్క ముక్క నా కల్పన. యజమాని చెయ్యి వణికిందన్నానే, వణకలేదు. నింపాదిగా తలుపు తీశాడు, తాడు కట్టాక అది ఎక్కడ సులువుగా తెగుతుందో కళ్ళతో కొలుచుకున్నాడు. అందుకే ఈ రోజుకీ ఆ షెడ్డులో పని మొదలెట్టే ముందు ఎవరో ఒకరు ఆ తాడు లాగి చూస్తారు. కొత్తగా చేరినవాళ్ళకు మొదట నేర్పేదీ అదే. ఉలి పట్టడం తర్వాత.