వెనకనుంచి కొట్టే గాలి

బొగ్గుబాయిలో పైకప్పు కూలి, ఒక రాత్రంతా మట్టి కింద చీకట్లో ఇరుక్కుని బయటపడ్డాక, డేవిడ్ మూసి ఉన్న బండిలో కూర్చోలేకపోయాడు. బస్సయినా, ఆటో అయినా, ఎక్కి కాసేపు కాకముందే ఛాతీ బిగుసుకుపోయేది. ఊపిరి అందేది కాదు. బాయిలో ఫిట్టరు పని వదిలేసి, చెన్నూరులో ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసుకుని మోటార్లు బాగుచేస్తూ బతికాడు. ఎక్కడికి పోవాలన్నా మోటారు సైకిలే. భార్య హెప్సిబాకు నడుము నొప్పి. దాని మీద ఆమె ఎక్కువ దూరం కూర్చోలేకపోయేది.

అందుకని తనే ఒక కారు తయారుచేశాడు. ఫోనులో విదేశాల వాళ్లు ఇళ్లలో కట్టుకునే రేసుకార్లు చూసి, పాత మారుతి ఇంజను తెచ్చి, ఇనుప పైపులతో చట్రం చేసి రేకు తొడిగాడు. వెల్డింగంతా దోస్తు రాయమల్లుది. పైకప్పు లేదు, తలుపులు లేవు, రెండే సీట్లు. ఎర్రరంగు. వానొస్తే కప్పడానికి ఒక టార్పాలిన్ గుడ్డ చుట్టి సీటు వెనక పెట్టాడు. ఆదివారం ఆదివారం ఇద్దరూ అందులో మంచిర్యాల గుడికి ఆరాధనకు పోయేవాళ్లు. గాలి హోరుకు ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. హెప్సిబా గొంతెత్తి కీర్తనలు పాడుకునేది. డేవిడ్ ఆమె పెదాలను చూసి అది ఏ పాటో పోల్చుకునేవాడు.

ఒక ఏడు వానాకాలం దాటాక ఆమె కుడిచెంపలో నొప్పి మొదలైంది. మొదట పన్ను నొప్పి అనుకుని పన్ను తీయించారు. నొప్పి పోలేదు. కరెంటు షాకులా వచ్చి, కాసేపు ఉండి పోయేది. ముఖం కడుక్కున్నా, చెంగు తగిలినా, గాలి సోకినా వచ్చేది. వచ్చినప్పుడు ఆమెకు మాట రాదు. ఎదుటివాళ్ల చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంటుంది, అంతే. ఇది ముఖం నరం జబ్బని మంచిర్యాల డాక్టరు చెప్పాడు. బిళ్లలు వేసుకుంటే మత్తు, తూలుడు.

"నా బండి గాలికే గిట్లయింది" అన్నాడు డేవిడ్.

"ఈ రోగం గాలితోని రాదని డాక్టర్ చెప్పలేదా? ఊకె నీ మీదేసుకోకు" అంది హెప్సిబా.

అతను నమ్మలేదు. కరీంనగర్ ఆసుపత్రిలో నరానికి సూదితో చికిత్స చేస్తారని తెలిశాక మరీ పరేషాన్ అయ్యాడు. ఆమెను ఒంటరిగా పంపలేడు. దారిలో నొప్పొస్తే ఏమైందో చెప్పడానికైనా ఆమెకు నోరు రాదు. తనేమో బస్సెక్కలేడు. మిగిలింది ఆ కారే. దాంట్లోనేమో గాలి.

ముందర అద్దం ఎత్తు పెంచాడు. గాలి ఇంకా ఎక్కువైంది. అది ఎక్కడినుంచి వస్తోందో తెలియక సీట్లకూ పక్కలకూ నూలుపోగులు కట్టి, రాయమల్లును నడపమని తను పక్కన కూర్చుని చూశాడు. ముందుకు పోతున్న బండిలో పోగులు వెనక్కి ఎగరాలి కదా. సీటు మీది పోగులు ముందుకు ఎగిరి అతని మెడకే తగిలాయి.

"రాయమల్లూ, గాలి ముందటికెళ్లి వస్తలేదురా. అద్దం మీదికెళ్లి దుంకి, మర్లి, ఎనుకకెళ్లి కొడ్తాంది."

"అయితే ఎనుక రేకు కొడ్దాం అన్నా."

రేకు కొట్టారు. బండి డబ్బాలా మోగింది. గాలి తల చుట్టూ సుడి తిరిగింది. రేకు పీకేసి, సన్నకంతల జాలీ బిగించారు. గాలి జాలీలోంచి చీలి వచ్చి మెత్తబడింది. అద్దానికి రెండు పక్కలా ప్లాస్టిక్ పలకలు చెవుల్లా నిలబెట్టారు. సీట్లు కిందికి దించారు. కాళ్ల దగ్గరనుంచి పైకి తన్నే గాలికి ఒళ్లో కప్పుకునేలా గొంగడి ముక్క కుట్టించారు. చివరికి నెమ్మదిగా నడిపితే సీటు మీది పోగులు కదలకుండా వేలాడాయి.

హెప్సిబాను కూర్చోబెట్టి జైపూర్ దాకా తీసుకెళ్లి తెచ్చాడు. ఆమె చెంప మీద చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు చెయ్యి తీసేసింది.

"ఏమన్న నొచ్చిందా?"

"నొయ్యలే. ఇయ్యాల నీ మాటలన్ని ఇనవడ్డయి" అని నవ్వబోయి, నవ్వితే నొప్పొస్తుందని ఆగిపోయింది.

కరీంనగర్‌కు తెల్లారగానే బయలుదేరారు. గోదావరి వంతెన దాటేదాకా బాగానే ఉంది. పెద్దపల్లి దాటాక లారీలు ఎక్కువయ్యాయి. బొగ్గు టిప్పరు ఒకటి ఎదురొచ్చి పక్కనుంచి పోయింది. నూలుపోగులతో చూసుకున్న గాలి వేరు, ఇది వేరు. పలకల్ని దాటి చెంపదెబ్బలా కొట్టింది. హెప్సిబా అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. బండి పక్కకు తీసి ఆపాడు. నొప్పి పోయింది, కొంతదూరం పోగానే ఇంకో టిప్పరు, మళ్లీ నొప్పి. ఆమె కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, నోట్లోంచి మాట లేదు.

డేవిడ్ దిగి టార్పాలిన్ విప్పాడు.

నొప్పి కాస్త తగ్గాక ఆమెకు అర్థమైంది. "వద్దయ్యా, నీతోని కాదు."

"అయితది. గంట దారే కదా."

పైనా పక్కలా గుడ్డ బిగించి లోపలికి దూరాడు. లోపల మసకచీకటి. గాలి సోకడం లేదు, హెప్సిబా నెమ్మదించింది. గేరు వేశాడు. ముందు అద్దంలోంచి రోడ్డు కనిపిస్తూనే ఉంది. దాన్నే చూడాలి, గుడ్డను చూడొద్దు అనుకున్నాడు. గుడ్డ గాలికి ఉబ్బి, వచ్చి అతని నెత్తికి తగిలింది. అంతే, పైకప్పు దిగుతోందనిపించింది. నోట్లో మట్టి రుచి. బ్రేకు ఎప్పుడు తొక్కాడో తెలియదు. గుడ్డ చింపుకుని బయట పడి, రోడ్డు పక్కన చేతులు నేలకానించి రొప్పుతున్నాడు.

హెప్సిబా దిగి వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. "పోనియ్యి. నన్ను బస్సెక్కియ్యి. నువ్వు ఎనుక రా."

చెయ్యెత్తితే కరీంనగర్ బస్సు ఆగింది. కండక్టరమ్మకు డేవిడ్ కింద నిలబడే చెప్పాడు: "అమ్మా, ఆమెకు నొప్పొస్తే మాట్లాడరాదు. ముఖం ముట్టకుండ్రి. చెయ్యి పట్టుకుంటే సాలు."

"ఎక్కురి పెద్దమ్మా, నేను జూసుకుంట" అంది ఆమె. వెనక సీటే ఖాళీగా ఉంది.

సుల్తానాబాద్ దాకా అతను బస్సు వెనకే ఆనుకుని నడిపాడు. బస్సు వెనక అద్దంలోంచి హెప్సిబా తల కనిపిస్తోంది. ఒకచోట బస్సు గుంతలో పడి లేచింది. ఆమె తల ఒక్కసారిగా ముందుకు వంగింది, లేవలేదు. డేవిడ్ హారన్ కొట్టాడు, చెయ్యి ఊపాడు, ఏదో అరిచాడు. ఎవరూ తిరిగి చూడలేదు. అడుగుల దూరంలో ఉండి కూడా అతను చేయగలిగింది ఏమీ లేదు. చాలాసేపటికి ఆ తల మళ్లీ పైకి లేచింది.

ఆసుపత్రిలో మరునాడు సూది చేశారు. నొప్పి పోయింది, దాంతోపాటు చెంపకు స్పర్శ కూడా పోయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది: "కుడి కన్ను కూడా మొద్దుబారింది. దుమ్ము పడ్డా తెలియదు, పుండవుతుంది. గాలి తగలనివ్వొద్దు."

"కండ్లద్దాలు పెట్టుకుంటే, మేడం? నా బండికి మొత్తం జాలీ ఉన్నది. అన్ని పక్కల..." డేవిడ్ చేతులతో చూపించబోయాడు.

"ఓపెన్ బండా? వద్దు."

తిరుగుదారిలోనూ ఆమె బస్సులో, అతను వెనక. పెద్దపల్లిలో బస్సు చాయ్‌కు ఆగితే ఆమె దిగింది. ఇద్దరూ హోటలు ముందు నిలబడి తాగారు. ఆమె పెదవి కుడి చివరనుంచి చాయ్ చుక్కలుగా గడ్డం మీదికి కారుతోంది. ఆమెకు తెలియడం లేదు. డేవిడ్ చెయ్యెత్తి, ఇన్ని నెలల భయంతో మధ్యలో ఆపేశాడు.

"ఏంది?"

"చాయ్ కారింది."

"తుడువు మరి. ఇప్పుడేం గాదు."

బొటనవేలితో మెల్లగా తుడిచాడు. ఆమె అతని కళ్లలోకి చూస్తూ నిలబడింది.

"తుడిచినవా?" అని అడిగింది.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె గ్లాసు అతని చేతికిచ్చి, కమ్మీ పట్టుకుని మెట్లెక్కింది.