పొట్టి తెర మీద సమురాయి

నేను ఒక సినిమా తెరను. అనగానే మీరు మఖమల్ పరదాలూ, మెత్తటి కుర్చీలూ ఊహించుకోకండి. లాంగ్‌క్లాత్ తానులోంచి రెండు ముక్కలు తీసి పక్కపక్కన పెట్టి కుట్టిన గుడ్డను, అంతే. కుట్టు సరిగ్గా నడిమధ్యన రావడం వల్ల నా మీద నిలబడ్డ ప్రతి కథానాయకుడికీ ముక్కు మీదుగా ఒక గాటు ఉండేదట. ఉండేదట అనే అనాలి. తెరకు తన మీద పడే బొమ్మ కనబడదు. నాకు కనబడేదల్లా ఎదురుగా కూర్చున్న వాళ్ళ ముఖాలు. అవి నవ్వితే హాస్యమనీ, ముక్కులు ఎగబీలిస్తే శోకమనీ, ఆవలిస్తే కళాఖండమనీ అనుకునేదాన్ని. అన్ని సినిమాలు మోసి ఒక్కటీ చూడకపోయినా, సినిమాల గురించి నాకంటే తెలిసినవాళ్ళు లేరని కొంత గర్వం కూడా ఉండేది.

నేను పుట్టింది ఒక ఓడరేవు ఉద్యోగుల కాలనీలో. అక్కడి రిక్రియేషన్ క్లబ్బుకు అధ్యక్షులు ఇంజనీరు పరాంకుశం గారు. ఆయనే దగ్గరుండి గోడ కొలిపించి, ఆ కొలతకు తాను తెప్పించారు. దర్జీ దగ్గరకు చేరే ముందు ఆ తాను ఆయన ఇంట్లో ఒక పూట ఉంది. కుట్టి గోడకు కట్టి చూస్తే నేను మూరెడు కురచ. ఆ వారమే పరాంకుశం గారింట్లో దిండ్లన్నిటికీ తెల్లటి కొత్త గలీబులు వచ్చాయి. రెండిటికీ సంబంధం ఉందని కాలనీలో అందరికీ తెలుసు, పైకి అన్నవాళ్ళు లేరు.

దాంతో నా మీద నడిచేవాళ్ళెవరికీ పాదాలు ఉండేవి కావు. అవి నా కిందనున్న గోడ మీద, నడుమెత్తు దాకా వేసిన ముదురాకుపచ్చ ఆయిల్ పెయింటు మీద పడేవి. ప్రొజెక్టరును ముందుకు జరిపి బొమ్మను చిన్నది చేద్దామంటే ప్లగ్గు ఉన్నది వెనక గోడకు. తెలుగు సినిమాలకు దీనివల్ల పెద్ద నష్టం రాలేదు. నాట్యం చేసే అమ్మాయి గజ్జెలు కనబడకపోయినా వినబడేవి కదా.

ఆటకూ ఆటకూ మధ్య నేను ఉండేది హైమవతి ఇంట్లో. క్రేన్ల ఫోర్‌మన్ పైడిరాజు భార్య ఆవిడ. బి.ఏ. చదివింది. నన్ను ఉతికి, నీలిమందు పెట్టి ఆరేసి, నా అంచు అంచుతో కలిసేదాకా మళ్ళీ మళ్ళీ మడిచేది. అందరూ నన్ను గుడ్డ అంటే ఆవిడ ఒక్కతే తెర అనేది. ఆవిడ ట్రంకు పెట్టె మీద మడతల్లో పడుకుని ఆ ఇంటి మాటలన్నీ వినేదాన్ని. బట్టలకు వినడం తప్ప మరో వ్యాపకం ఏముంటుంది?

ఆ ఏడు వానలు వెనకబట్టిన రోజుల్లో రేవులో క్రేను తీగతాడు తెగి, ఇనప మోపు పడి ఒక కళాసీ కాలు విరిగింది. తాడు అరిగిపోయింది, ఎత్తొద్దని పైడిరాజు ముందే చెప్పాడు. ఓడ ఆగడానికి వీల్లేదు, ఎత్తమన్నది పరాంకుశం గారు. సోమవారం విచారణ. ఆ ముందు గురువారం పైడిరాజు అన్నం కలుపుకుంటూ కలుపుకుంటూ ఆపేశాడు.

“తాడు చూసుకోలేదు, తప్పు నాదే అని ఒక్క మాట అనీమంటన్నారు హైమా. కొన్నాళ్ళు సస్పెండు చేస్తారంట. తరవాత ఆయనే వెనక్కి తీయించీస్తారంట.”

“తియ్యకపోతే?”

“అలాగంటావేటి? ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ఈ క్వార్టరూ ఆయన చలవే. ఇప్పుడాయనకి ప్రమోషన్ వొచ్చే టైము. ఆయన పరువు పోతే మా సెక్షను పరువే పోతాది.”

“మీ పరువు ఏ సెక్షన్‌దండీ?” అంది హైమవతి.

ఇరుకున పడ్డప్పుడల్లా పైడిరాజు మజ్జిగ ఎక్కువ పోసుకుంటాడు. ఆ పూట అన్నం కనబడనంత పోసుకున్నాడు. శుక్రవారం కూడా ఆవిడ చెప్పి చూసింది. అతను నిర్ణయించుకున్నట్టే ఉన్నాడు.

శనివారం సాయంత్రం క్లబ్బులో సమురాయి సినిమా. ఖనిజం ఎత్తుకోవడానికి వచ్చిన జపాను ఓడ కెప్టెను స్నేహంకొద్దీ రీళ్ళు ఇచ్చాడు. ఆట మొదలయ్యే ముందు పరాంకుశం గారు నా ముందు నిలబడి మాట్లాడారు. సమురాయి అంటే కత్తి పట్టిన సేవకుడనీ, యజమాని కోసం ప్రాణం గడ్డిపోచలా తీసి పారేస్తాడనీ, త్యాగం అంటే ఏమిటో మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవాలనీ చెప్పి, కుర్చీల్లో మూడో వరస వైపు చూశారు. పైడిరాజు అక్కడే కూర్చున్నాడు. నాకైతే ఒళ్ళు పులకరించింది. అంత గొప్ప సంగతి నా మీద జరగబోతోంది కదా అని వీలైనంత బిగదీసుకుని నిలబడ్డాను.

దీపాలార్పాక తెలిసింది, మాటలు జపాను భాషలో ఉన్నాయని. వాటి అర్థం ఇంగ్లీషులో బొమ్మ అడుగున పడుతుంది. బొమ్మ అడుగు ఎక్కడ పడుతుందో మీకు చెప్పాను. కుర్చీల్లో ఉన్న మగవాళ్ళు మెడలు సాచారు, నిలబడ్డారు, నన్ను తిట్టారు. ఆకుపచ్చ పెయింటు మీది ఆ మసక అక్షరాలు కంటికి ఆనేది ముందు చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళకు మాత్రమే. వాళ్ళలో ఇంగ్లీషు వచ్చింది హైమవతికి.

“సదివి సెప్పవే అమ్మా. ఆళ్ళు అరుసుకుంతంటే మనం గోడకేసి సూస్తామేటి?” అంది పక్కనున్న నూకాలమ్మ.

హైమవతి చదివి తెలుగులో చెప్పసాగింది. లేచి నిలబడ్డవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. జపాను పేర్లు ఎవరికీ నోరు తిరగక నూకాలమ్మే అందరికీ పేర్లు పెట్టేసింది. నమ్మకస్తుడైన ముసలి సమురాయి ముడిజుట్టు మావ. అస్తమానం ముల్లంగి నములుతూ, కత్తిని కుదువ పెట్టుకున్న తాగుబోతు యోధుడు ముల్లంగాయన. వాళ్ళ పడుచు ప్రభువు పళ్ళికిలింపు దొర. ముల్లంగాయన వచ్చినప్పుడల్లా ముఖాలన్నీ విచ్చుకునేవి. అతను పడిపోతూ కూడా ముల్లంగి వదలలేదట. ముడిజుట్టు మావ వస్తే మాత్రం ఆడవాళ్ళు కొంగులు సర్దుకునేవారు, ఇంటికి పెద్దాయన వచ్చినట్టు.

కథ ఇదీ. దొర తాగిన మైకంలో ఒక చేపలవాడిని నరికేశాడు. రాజధాని నుంచి అధికారి వచ్చాడు. దొర ముడిజుట్టు మావను పిలిపించి, ఆ నేరం నీ మీద వేసుకో, నా వంశం పేరు నిలబెట్టు అన్నాడు. ఇంతవరకూ హైమవతి గడగడా చెప్పింది. తరవాత ముడిజుట్టు మావ గొంతు ఒక్కటే వినిపించింది, నెమ్మదిగా. హైమవతి గోడకేసి చూస్తూ ఊరుకుంది.

“ఏటంతన్నాడే?” అని నూకాలమ్మ మోచేత్తో పొడిచింది.

“తప్పు మీరు చేశారు దొరా, మీ నోటితోనే చెప్పుకోండి. నేను చెప్పను, నాకు ఇల్లుంది అంటున్నాడు,” అంది హైమవతి.

వెనక కళాసీల వరసలో ఈలలు పడ్డాయి. నేనూ భేష్ అనుకున్నాను. త్యాగం కాస్త తగ్గిందేమిటా అనిపించింది కానీ, బొమ్మ చూడనిదాన్ని నేనేం వాదిస్తాను? చిక్కంతా బొమ్మ చూస్తున్నవాళ్ళతో వచ్చింది.

“మరి దొర కాళ్ళకి దండవెడతన్నాడేటి?”

“సెలవు తీసుకుంటున్నాడు పిన్నీ.”

“తెల్లబట్టలు కట్టీసేడేటమ్మా?”

“స్నానం చేశాడు కదా.”

“ఓలమ్మో, కత్తి తీస్తన్నాడే! ఆ పెళ్ళాం సూడు, గుమ్మం కాడ ఎలాగుండిపోయిందో!”

“ఊరెళ్తున్నాడు. అందుకని,” అంది హైమవతి.

కుర్చీల్లోంచి పరాంకుశం గారు లేచారు. “అమ్మా, అక్కడ రాసింది అది కాదు.”

“మీకు అక్కణ్ణించి కనబడుతోందాండీ?”

“కనబడక్కర్లేదు. కథ నాకు తెలుసు.”

“అయితే మీరే ముందుకొచ్చి చదవండి,” అని హైమవతి చాప మీద చోటు ఇచ్చింది.

ఇంతమంది ముందు వెనక్కి తగ్గడం ఆయనకు కుదరలేదు. వచ్చారు. మోకాళ్ళు వంగక, నూకాలమ్మ భుజం ఆసరాతో కూలబడి, ఆకుపచ్చ గోడకేసి కళ్ళు చికిలించి బిగ్గరగా చదివారు. “తప్పు నాదే ప్రభూ... ఈ ప్రాణం మీ ఉప్పు తిన్నది... సంతోషంగా ఇస్తున్నాను... అని ఇందాక అన్నాడు, ఇప్పుడూ అదే అంటున్నాడు.” తరవాత హాలు హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ఆడవాళ్ళు తలలు తిప్పుకున్నారు. ముడిజుట్టు మావ ఆ కత్తితో తన ప్రాణమే తీసుకున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. ఇంతసేపూ ఊరెళ్తున్నాడని నమ్మి కూర్చున్న మూర్ఖురాలిని హాల్లో నేనొక్కదాన్నే.

“ఇప్పుడు దొరేటంతన్నాడు బాబూ?” అని నూకాలమ్మ అడిగింది.

పరాంకుశం గారు చదవడం మొదలుపెట్టాక ఆగలేకపోయారు. “నా పేరు నిలిచింది. ఆ చాప కడిగించండి. భోజనానికి... వేళ... అయింది.”

క్రేను సంగతి తెలియనివాళ్ళు ఆ హాల్లో లేరు. వెనక వరసలోంచి ఒక కళాసీ ఎంతో మర్యాదగా అన్నాడు. “శానా బాగా సదివేరు బాబూ. అచ్చం దొరే మాటాడినట్టుంది.”

నవ్వారు కొందరు. పరాంకుశం గారు నవ్వలేదు. పైడిరాజు కూడా నవ్వలేదు. అతను నాకేసి చూస్తున్నాడు, అంటే నా మీదున్న దేనికేసో.

ఆట అయ్యాక నన్ను విప్పి మడవడానికి మొగుడూ పెళ్ళామూ చెరో కొసా పట్టుకున్నారు.

“నాకు ఇంగ్లీషు రాకపోతే మాత్రం బొమ్మ కనబడదేటి? అలాగ ఎందుకు చెప్పీసేవు?” అన్నాడు పైడిరాజు.

“చివరిదాకా చూశానండీ. ఆ మనిషి పెళ్ళానికి ఒక్క మాటైనా రాస్తారేమోనని. గుమ్మంలో నిలబెట్టారు, ఏడిపించారు. ఆవిడ నోట ఒక్క మాట పెట్టలేదు. ఆయన ఇచ్చింది ఆయన ఒక్కడి ప్రాణమేనా?”

పైడిరాజు కొస పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చేతులు దగ్గరకు తేవలసినవాడు తేలేదు. నేను మధ్యలో వేలాడాను. ఆఖరికి అతను రెండడుగులు ముందుకు వేసి తన కొస ఆవిడ చేతికి ఇచ్చాడు.

సోమవారం విచారణ నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ, “తాడు అరిగిందని చెప్పేనన్నాను. ఎత్తమన్నారన్నాను. ఎవరన్నారని అడిగేరు. పేరు చెప్పీసేను,” అన్నాడు. హైమవతి చెంబుతో నీళ్ళిచ్చింది. అవి తాగుతూ సగం చొక్కా మీద పోసుకున్నాడు.

పరాంకుశం గారి ప్రమోషన్ ఆగింది, మరుసటి ఏడాది వచ్చేసింది కూడా. అలాంటివి ఆగి ఊరుకోవు. పైడిరాజును విడవకుండా రాత్రి డ్యూటీలకు వేశారు. ఉద్యోగం మాత్రం పోలేదు. కాలు విరిగిన కళాసీకి రేవు గేటు దగ్గర కూర్చుని చేసే పని ఇచ్చారు. క్లబ్బువాళ్ళు గోడకు సరిపోయే కొత్త తెర తెప్పించి, నన్ను ఎవరికైనా ఇచ్చేయమన్నారు. హైమవతి ఉంచేసుకుంది.

నా త్యాగం సంగతి కూడా చెప్పాలి. సమురాయి సినిమా మోసిన తెరగా నాకూ ఒక వీరోచితమైన ముగింపు ఉంటుందని ఆశపడ్డాను. తుఫానులో ఎవరినో కప్పి చిరిగిపోతాననుకున్నాను. ఇప్పుడు నేను డాబా మీద వడియాల గుడ్డను. ఎండాకాలం వచ్చిందంటే నా మీద గుమ్మడి వడియాలు ఎండుతాయి. మిరపకారం పట్టి ఎర్రబడ్డాను. ఇంగువ వాసన వదలదు. కానీ వెలుగు ఎన్నేళ్ళు మీద పడినా ఏమీ తగలని నాకు, వడియం తడిగా ఆనినప్పుడు మొదటిసారి ఏదో నా మీద ఉందని తెలిసింది.

రాత్రి డ్యూటీ చేసి వచ్చిన పైడిరాజును ఆవిడ పడుకోనివ్వదు. “వడియాలు మొత్తం కాకులెత్తుకుపోతున్నాయి, ఓ గంట కూర్చోండి,” అని పైకి తోస్తుంది. అతను తల మీద తువ్వాలు ముడేసుకుని, గోడనీడన బాసింపట్టు వేసుకుని, కర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చుంటాడు. కళ్ళు మూతలు పడుతుంటాయి. కాకి వాలబోయిందా, కళ్ళు తెరవకుండానే కర్ర లేస్తుంది.

సమురాయి ఎలా ఉంటాడో నేను ఎన్నడూ చూడలేదు. అడిగితే మాత్రం ఇలాగే ఉంటాడని చెబుతాను.